గోరు మీద గీత: పొగ మాన్పించే పనిలో ఒక నర్సు కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి రోగి ఒప్పుకున్నారు. ఆయన వయసు, వృత్తి, కుటుంబ వివరాలు గుర్తుపట్టలేనట్టు మార్చాను. మందులు, మోతాదులు, మేం చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఎందుకంటే నేర్చుకోవాల్సిందంతా ఆ పొరపాట్లలోనే ఉంది.

నేపథ్యం

నేను ఊపిరితిత్తుల వార్డులో స్టాఫ్ నర్సుని. పొగాకు మాన్పించే కౌన్సెలింగ్‌లో కొంత శిక్షణ తీసుకున్నాను. దానికంటూ మాకు వేరే గది గానీ, వేరే సమయం గానీ లేవు. మందులు ఇస్తూ, నెబ్యులైజర్ పెడుతూ, బీపీ చూస్తూ, ఆ మధ్యలో దొరికిన ఐదు నిమిషాల్లోనే ఈ పని జరుగుతుంది. నిజానికి నర్సుకున్న బలం కూడా అదే. డాక్టర్ గారు రౌండ్స్‌లో రోగిని చూసేది కొన్ని నిమిషాలే. తెల్లవారుజామున నాలుగింటికి నిద్రపట్టక మంచం మీద కూర్చున్న మనిషిని చూసేది మాత్రం మేమే.

రోగికి యాభై ఏళ్లు దాటాయి. పదిహేడో ఏట సిగరెట్ మొదలుపెట్టారు. రోజుకి పాతికకు తగ్గకుండా కాలుస్తారు. సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు కుంచించుకుపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ఇన్హేలర్లతో పాటు కొన్నేళ్లుగా రోజూ ఊపిరి గొట్టాలను వదులుచేసే థియోఫిలిన్ మాత్రలు వాడుతున్నారు. ఈ థియోఫిలిన్ సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి. మేం గుర్తుపెట్టుకోలేదు.

జబ్బు ముదిరి వార్డులో చేరడం పది నెలల్లో ఇది మూడోసారి. పాత కేస్ షీట్లు తీసి చూస్తే రెండింటిలోనూ ఒకే వాక్యం కనిపించింది: ‘పొగ మానమని సలహా ఇచ్చాం. మానేశానని రోగి చెప్పారు.’

సమస్య

ఈసారి చేరేటప్పుడు ఆక్సిజన్ శాతం 84 ఉంది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. పొగ తాగుతారా అని అడ్మిషన్‌లో అడిగితే, ‘మానేసి మూడు వారాలైంది’ అన్నారు. పక్కనే ఉన్న ఆయన భార్య తల దించుకున్నారు.

నేను మందులు ఎక్కించే కాన్యులా గొట్టం పెట్టడానికి ఆయన కుడిచేయి అందుకున్నాను. చూపుడు వేలు, మధ్య వేలు చివర్లలో చర్మం పసుపు తిరిగి గోధుమరంగులోకి వచ్చింది. గోళ్లూ అంతే. చూపుడు వేలి గోరు కొస దగ్గర ముదురు పసుపుగా ఉంది. కిందికి వచ్చేకొద్దీ కాస్త లేతబడినా, ఆ రంగు గోరు మొదలు దాకా ఆగకుండా వచ్చింది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నిజంగా మూడు వారాల కిందట మానేసి ఉంటే గోరు మొదట్లో రెండు మిల్లీమీటర్ల మేర మరక లేని కొత్త గోరు కనిపించాలి. పాత పసుపుకీ కొత్త గులాబీ రంగుకీ మధ్య ఒక గీత పడాలి. ఆయన గోటి మీద ఆ గీత లేదు.

ఆ మాట అప్పుడు పైకి అనలేదు. అనాలా వద్దా అని కాన్యులాకి ప్లాస్టర్ అంటించేంత సేపూ ఆలోచించాను. మా దగ్గర పొగ తాగితే ఊపిరిలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌ని కొలిచే మీటర్ కూడా ఉంది. ఒక్కసారి ఊదమంటే అంకెతో సహా తేలిపోతుంది. కానీ అబద్ధం పట్టుకోవడానికి ఆ మీటర్ వాడితే, ఆ తర్వాత ఆయన నాతో ఏ మాట చెప్పినా ముందు తన్ను తాను కాపాడుకోవడానికే చెబుతారు. పైగా అప్పుడాయనకి ఊపిరే సరిగ్గా ఆడటం లేదు. ముందు అది కుదుటపడాలి. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

మొదటి ప్రయత్నాలు

రెండో రోజు సాయంత్రం ఆయన కాస్త తేరుకున్నాక మంచం పక్కన కూర్చున్నాను. చేతిలో ఊపిరితిత్తుల బొమ్మల చార్ట్ ఉంది. సీఓపీడీ ఎలా ముదురుతుందో, పొగ మానేస్తే ఊపిరితిత్తుల బలం తగ్గే వేగం ఎలా నెమ్మదిస్తుందో వివరించాను. ఆయన ప్రతి మాటకీ తల ఊపారు. ‘అలాగేనమ్మా, అలాగే’ అన్నారు. పది నిమిషాలు మాట్లాడితే అందులో తొమ్మిది నిమిషాలు నేనే మాట్లాడాను. లేచి వస్తుంటే పని జరిగిందన్న తృప్తి ఒక్క పిసరు కూడా లేదు. ఆయన ఒప్పుకున్నది నేను చెప్పిన విషయాన్ని కాదు, నేను త్వరగా వెళ్లిపోవాలని ఒప్పుకున్నారు.

మూడో రోజు తెల్లవారుజామున ఐదున్నరకి మంచం ఖాళీ. ఆక్సిజన్ గొట్టం దిండు మీద పడేసి ఉంది, ఆక్సిజన్ వస్తూనే ఉంది. నైట్ డ్యూటీలో ఉన్న సహోద్యోగి వెతుక్కుంటూ వెళ్తే వెనక మెట్ల మీద సిగరెట్‌తో దొరికారు. ఆవిడకి చెడ్డ భయం వేసింది. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పురవ్వ పడితే ఏమవుతుందో వార్డులో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. దుప్పట్లు, బట్టలు ఆక్సిజన్ పీల్చుకుని ఉంటాయి, అంటుకుంటే ఆరవు. ఆ భయంలో ఆవిడ నలుగురి ముందూ గట్టిగా మందలించారు. ‘మూడు వారాల కిందటే మానేశానన్నారు కదా, మరి ఇదేంటి?’ అన్నారు. ఆ రోజంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికి పంపేయమని అడిగారు.

నేను ఆవిడని తప్పుపట్టను. ఆ స్థానంలో నేనున్నా అరిచేదాన్నేమో. అయితే ఆ రోజు డ్యూటీ మారేటప్పుడు చెప్పుకునే హ్యాండోవర్‌లో విన్నప్పుడు నా మనసు ఆయన అబద్ధం మీదికి పోలేదు, ఐదున్నర అన్న సమయం దగ్గర ఆగింది. నడిస్తే ఆయాసం వచ్చే మనిషి, ఆక్సిజన్ తీసేసి, గోడ పట్టుకుని, అంత దూరం ఎందుకు వెళ్లినట్టు? వ్యసనం బలం అది. బొమ్మల చార్ట్ దానికి ఆనదు.

ప్రశ్న మార్చడం

నాలుగో రోజు మధ్యాహ్నం డ్యూటీలో వెళ్లి కూర్చున్నాను. ఈసారి చేతిలో ఏమీ లేదు.

“బాబాయ్, నిన్న పొద్దున మెట్ల దాకా నడవడం చాలా కష్టమై ఉండాలి కదా” అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “లేవగానే అది పడకపోతే నా చేతులు నా చేతుల్లా ఉండవు సిస్టర్” అన్నారు.

ఆ ఒక్క వాక్యంలో రెండు కేస్ షీట్లలో లేని సమాచారం ఉంది. అక్కడి నుంచి నికోటిన్‌కి ఎంతగా అలవాటు పడ్డారో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలోని ఆరు ప్రశ్నలూ మామూలు మాటల్లా అడిగేశాను. స్వీడన్ మనస్తత్వవేత్త కార్ల్ ఫాగర్‌స్ట్రామ్ పేరు మీద ఉన్న ఈ పరీక్షలో మొత్తం 10 పాయింట్లు. లేచిన ఐదు నిమిషాల్లోపే మొదటి సిగరెట్ వెలిగిస్తే దానికే 3. ఈయనకి 9 వచ్చాయి.

అడిగే తీరులో ఒక్క మార్పు చేశాను. ‘మానేశారా?’ అని అడగడం ఆపేశాను. ఆ ప్రశ్నకి ‘లేదు’ అని జవాబివ్వాలంటే రోగి తాను ఓడిపోయానని ఒప్పుకోవాలి. దాని బదులు ‘చివరి సిగరెట్ ఎప్పుడు? ఈ రోజు ఎన్ని తాగాల్సి వచ్చింది?’ అని అడిగాను. తాగి ఉండొచ్చు అన్నది ఆ ప్రశ్నలోనే ఉంది కాబట్టి నిజం చెప్పడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. ఆ రోజు ఆయన చెప్పిన లెక్క మూడు. అప్పుడు మీటర్ తెచ్చి, “ఇది పరీక్ష కాదు బాబాయ్, ఇవాళ ఎక్కడున్నామో చూసుకుందాం” అని ఊదించాను. 19 పీపీఎం (పదిలక్షల పాళ్లలో 19) వచ్చింది. ఆ అంకె ఏంటో ఆయనే అడిగారు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట ఈ వాయువు కూర్చుందని, పొగ ఆపితే ఒక రోజులో దిగిపోతుందని చెప్పాను. ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం కేసి చూసి, “ఒకపక్క మీరు ఎక్కిస్తుంటే ఒకపక్క నేను దించేస్తున్నానన్నమాట” అన్నారు. చార్ట్‌తో నేను చెప్పలేకపోయింది ఆయనే తన మాటల్లో చెప్పుకున్నారు.

మందు ఎంపిక, అందులో నా తప్పు

డాక్టర్ గారితో మాట్లాడాను. పొగ కోరికని తగ్గించే వారెనిక్లిన్ మాత్రల గురించి కూడా అనుకున్నాం. అది బాగా పనిచేసే మందే. కానీ ఇప్పటికే ఇన్ని మాత్రలు మింగుతున్నాను, ఇంకోటి వద్దని రోగి అన్నారు. ఆయన మాటకి విలువిచ్చి, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్, నమిలే నికోటిన్ గమ్ కలిపి వాడదామని, కుదరకపోతే వారెనిక్లిన్‌కి వెళ్దామని నిర్ణయించాం. రెండూ కలపడానికి కారణం ఉంది. 21 మిల్లీగ్రాముల ప్యాచ్ రోజంతా సమంగా నికోటిన్ అందిస్తుంది గానీ ఒక్కసారిగా ఎగసే కోరికని ఆపలేదు. సిగరెట్ నికోటిన్ పది, ఇరవై సెకన్లలో మెదడుకి చేరుతుంది. ఆ వేగానికి ప్యాచ్ ఎక్కడ సరితూగుతుంది? అందుకే ఎగసినప్పుడు వాడుకోవడానికి గమ్. లేచిన అరగంటలోపు సిగరెట్ వెలిగించేవాళ్లకి 2 మిల్లీగ్రాముల గమ్ చాలదు, 4 కావాలి.

ఐదో రోజు పొద్దున ఆయన మళ్లీ మెట్ల మీదే ఉన్నారు.

గమ్ పనిచేయలేదన్నారు. గొంతు మండిందట, ఎక్కిళ్లు వచ్చాయట. ‘అది పిల్లలు నమిలేది, నాకెందుకు’ అని ప్యాకెట్ తిరిగి ఇచ్చేశారు. “ఒకటి నా ముందు నమలండి బాబాయ్, చూస్తాను” అన్నాను. ఆయన గబగబా నమిలి, ఊరిన ఉమ్మంతా మింగేశారు. దాని మీద వేడి కాఫీ తాగారు.

తప్పు పూర్తిగా నాదే. ఇన్హేలర్ ఇచ్చినప్పుడు ప్రతిసారీ నా ముందు పీల్పించి చూస్తాను. గమ్ చేతిలో పెట్టి మాత్రం, నమలడం ఎవరికి రాదులే అనుకుని వచ్చేశాను. నికోటిన్ గమ్‌ని మామూలు గమ్‌లా నమలకూడదు. నెమ్మదిగా నమలాలి. నాలుక మీద చురుక్కుమనగానే ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. నికోటిన్ ఎక్కేది నోటి లోపలి పొర నుంచి. మింగేస్తే కడుపులోకి పోయి మంట, ఎక్కిళ్లు మిగులుతాయి, ఫలితం ఉండదు. కాఫీ లాంటి పుల్లని గుణమున్న పానీయాలు నోట్లో ఉంటే అసలు ఎక్కదు. పావుగంట ఎడం ఉండాలి.

ఇదంతా ఆయన చేత చేయించాను. పిల్లలది అన్నారు కదా అని ఆ గమ్ ఎలా పుట్టిందో కూడా చెప్పాను. జలాంతర్గాముల్లో సిగరెట్ వెలిగించే వీల్లేక స్వీడన్ నావికులు నోటి పొగాకుతో సర్దుకునేవారు. అది గమనించిన ఒక వైద్యుడు 1967లో మందుల తయారీలో ఉన్న తన మిత్రుడికి రాసిన ఉత్తరం నుంచే ఈ గమ్ ఆలోచన మొదలైంది. ఆయన ఆసక్తిగా విన్నారు. అప్పటి నుంచి ఆ ప్యాకెట్‌ని ‘నావికుల మందు’ అని పిలిచేవారు.

ఐదున్నర సంగతి

ఇక మిగిలింది పొద్దుటి సిగరెట్. వార్డులో నర్సింగ్ అంటే షిఫ్టుల పని. నేను పగలు ఎంత బాగా మాట్లాడినా, అసలు యుద్ధం నేను లేని సమయంలో జరుగుతోంది. అందుకని హ్యాండోవర్ పుస్తకంలో ఆయన పేరు పక్కన ఒక వరస చేర్చాం: ‘5 గంటలకి: లేచారేమో చూడాలి, గమ్ చేతికివ్వాలి, నెబ్యులైజర్, ఆ తర్వాతే కాఫీ.’ ప్యాచ్‌ని రాత్రి తీసేయకుండా 24 గంటలూ ఉంచాం, లేచేసరికి ఒంట్లో ఎంతో కొంత నికోటిన్ ఉంటుందని. దానివల్ల కలలు ఎక్కువ రావచ్చని ముందే చెప్పాం.

ఆరో రోజు ఐదింటికి గమ్ అందించింది మూడో రోజు మందలించిన సహోద్యోగే. పావుగంట ఆయన పక్కనే నిలబడ్డానని తర్వాత చెప్పారు. చేతులు వణికాయట. లేచి రెండడుగులు వేసి మళ్లీ కూర్చున్నారట. ఐదున్నర దాటింది, ఆరైంది. మెట్ల దాకా వెళ్లలేదు. ఆ రోజునే మానిన రోజుగా రాసుకున్నాం. తొమ్మిదో రోజు డిశ్చార్జ్ అయ్యారు. మీటర్‌లో 4 వచ్చింది.

ఇంటికి వెళ్లే ముందు ఆయన భార్యతో విడిగా మాట్లాడాను. ఇన్నేళ్లూ ఆవిడ ప్యాకెట్లు దాచారు, లెక్కపెట్టారు, వాసన చూశారు. ఎంత విసిగిపోయారో ఆవిడ ముఖమే చెబుతోంది. “ఇక మీదట లెక్క నేను చూసుకుంటానమ్మా, మీరు వదిలేయండి” అన్నాను. ఆవిడ ఏడ్చేశారు. కాపలా పని దిగిపోయినందుకే ఆ ఏడుపని నాకు అనిపించింది.

ఎనిమిదో రోజు ఫోన్

ఆసుపత్రిలో మొదలుపెట్టిన కౌన్సెలింగ్ ఇంటికి వెళ్లాక కనీసం నెల రోజులు కొనసాగితేనే ఫలితం నిలుస్తుందని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. అందుకే మొదటి నెలకి ఫోన్ తేదీలు ముందే రాసుకున్నాం. డిశ్చార్జ్ అయిన రెండో రోజు చేస్తే, నిద్ర సరిగ్గా లేదన్నారు. మానేసిన కొత్తలో మామూలేనని ధైర్యం చెప్పాను. అక్కడ ఇంకో ప్రశ్న అడగాల్సింది. అడగలేదు.

మానేసిన ఎనిమిదో రోజు మళ్లీ చేశాను.

“ఏం బాగాలేదమ్మా. గుండె దడదడలాడుతోంది. చేతులు వణుకుతున్నాయి. పొద్దున్నుంచి రెండు వాంతులయ్యాయి. మానేయడం నా ఒంటికి పడలేదు, వదిలేయండి” అన్నారు.

“ఇది ఎప్పటి నుంచి బాబాయ్?”

“మూడు రోజులైంది.”

“ఈ మూడు రోజుల్లో ఎన్ని కాల్చాల్సి వచ్చింది?”

కాసేపు నిశ్శబ్దం. “రెండు. నిన్న రాత్రి. తట్టుకోలేక.”

ఆ జవాబు రాకపోయి ఉంటే నేను దారి తప్పేదాన్ని. నా తలలో ఆ క్షణంలో తిరిగినవి ఇవి. మొదటిది, ఇవి మానేసినందువల్ల వచ్చే లక్షణాలా? చిరాకు, నిద్రలేమి, స్థిమితం లేకపోవడం అయితే సరిపోతాయి. కానీ పొగ మానితే గుండె వేగం సాధారణంగా తగ్గుతుంది, పెరగదు. వాంతులు కూడా కుదరవు. రెండోది, నికోటిన్ ఎక్కువైందా? ప్యాచ్ మీద సిగరెట్ కాలిస్తే వికారం, దడ రావచ్చు. కానీ ఆయన కాల్చింది రెండే, అదీ నిన్న రాత్రి. దడ మొదలై మూడు రోజులైంది. కాబట్టి అదీ కాదు. మూడోది, ఇన్హేలర్ ఎక్కువ పీల్చారా? అడిగాను, చెప్పినన్నే పీల్చారు. యాంటీబయాటిక్ కోర్సు అయిపోయింది, అదీ ఇలాంటి దడ తెచ్చే రకం కాదు, అమాక్సిసిలిన్ తరగతిదే. ఇక మిగిలింది థియోఫిలిన్.

పొగలోని తారు పదార్థాలు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ని రెచ్చగొడతాయి. థియోఫిలిన్‌ని విరగ్గొట్టేది ఆ ఎంజైమే. అందుకే పొగ తాగేవాళ్లకి ఎక్కువ మోతాదు పడుతుంది. పొగ ఆపాక కొద్ది రోజుల్లోనే ఎంజైమ్ మామూలు స్థాయికి దిగుతుంది. అదే మోతాదు కొనసాగితే మందు రక్తంలో పేరుకుంటుంది. దడ, వణుకు, వాంతులు, నిద్ర లేకపోవడం అన్నీ దాని గుర్తులే. ముదిరితే గుండె లయ తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. ప్యాచ్, గమ్ దీన్ని ఆపలేవు, ఎందుకంటే ఎంజైమ్‌ని పెంచేది పొగే, నికోటిన్ కాదు.

తర్వాతి మాత్ర వేసుకోవద్దని, వెంటనే రమ్మని చెప్పి, డాక్టర్ గారికి ఫోన్ చేశాను. రెండు గంటల్లో వచ్చారు. నాడి 118. ఈసీజీలో వేగం తప్ప వేరే తేడా లేదు. రక్తంలో థియోఫిలిన్ మిల్లీలీటరుకి 24 మైక్రోగ్రాములు వచ్చింది. 20 దాటకూడదు. ఒక రాత్రి వార్డులో ఉంచి, మందు ఆపి, తర్వాత మూడో వంతు తగ్గించి మొదలుపెట్టారు. మూడు రోజుల్లో దడ, వణుకు పోయాయి.

కాఫీ గురించి కూడా అడిగాను. కెఫీన్‌ని విరగ్గొట్టేది కూడా అదే ఎంజైమ్. పొగ మానేశాక పాత లెక్కన కాఫీ తాగితే అది రెట్టింపు తాగినట్టు పనిచేస్తుంది. సిగరెట్ లేని లోటు తీర్చుకోవడానికి ఆయన ఇంకో రెండు కప్పులు పెంచారు కూడా. సగానికి తగ్గించాం. నిద్ర పట్టింది.

ఇది ఎందుకు ముందే తట్టలేదని తర్వాత మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. కేస్ షీట్‌లో థియోఫిలిన్ ఉంది. మానిన తేదీ ఉంది. రెండింటినీ ఎవరూ కలిపి చూడలేదు. ఒక కారణం ఆ పాత కాగితాలే. గతంలో రెండుసార్లు మానేశారు, అదే మోతాదు వాడారు, ఏమీ కాలేదు అన్నది అందరి మనసులోనూ ఎక్కడో ఉంది. నిజానికి ఆయన ఆ రెండుసార్లూ మానలేదు. ఆయన చెప్పిన అబద్ధం, దాన్ని మేం అడక్కుండా రాసుకున్న తీరు, రెండూ కలిసి మందు మోతాదు దాకా వచ్చాయి. రోగి నిజం చెప్పేలా అడగడం మర్యాదకి సంబంధించిన విషయమని నేను అంతకు ముందు అనుకునేదాన్ని. ఇప్పుడది బీపీ చూడటమంత అవసరమైన కొలత అంటాను.

రోగికి ఈ విషయం చెప్పడం కూడా చికిత్సలో భాగమే. ‘మానేయడం నా ఒంటికి పడలేదు’ అన్న నమ్మకం అలాగే ఉండిపోతే ఆయన ఇంకెప్పుడూ ప్రయత్నించరు. “మీ ఒళ్లు బాగుపడటం మొదలైంది బాబాయ్. మందు తగ్గించాల్సింది మేము, మేమే ఆలస్యం చేశాం” అని చెప్పాను. డాక్టర్ గారు కూడా అదే మాట చెప్పారు. తప్పు మాదని ఒప్పుకోవడం ఆయన మీద ఎంత పనిచేసిందో నేను ఊహించలేదు. ఆ రాత్రే మిగిలిన ప్యాకెట్‌ని భార్య చేతికిచ్చారట.

ఏడో వారం

ఆరు వారాలు బాగా నడిచింది. ప్యాచ్ పెట్టె మీద ఉన్న లెక్క ప్రకారం 14 మిల్లీగ్రాములకి దించాం. కొద్ది రోజుల తర్వాత ఆయన చిన్ననాటి స్నేహితుడు పోయారు. అక్కడ ఎవరో అందించిన సిగరెట్ కాల్చారు. ఆ రాత్రి వార్డుకి ఫోన్ చేశారు. నేను డ్యూటీలో లేను. ఫోన్ ఎత్తింది మళ్లీ అదే సహోద్యోగి. ‘ఎన్ని?’ అని అడిగారట. ‘ఒకటి’ అంటే, ‘ఇప్పుడు చేతిలో ఇంకొకటి ఉందా?’ అని అడిగారట. లేదన్నారు. ‘గమ్ వాడాక పడుకోండి, పొద్దున మాట్లాడదాం’ అని చెప్పి, అదంతా రిజిస్టర్‌లో రాశారు. మర్నాడు నేను చూసేసరికి అన్ని వివరాలూ అందులో ఉన్నాయి.

ఇక్కడ మళ్లీ ఒక నిర్ణయం. ఒక్కటే కదా అని వదిలేయాలా, మందు పెంచాలా? ఫాగర్‌స్ట్రామ్‌లో 9 వచ్చిన మనిషికి పెట్టె మీది లెక్కనే పట్టుకుని దించడం తొందరపాటు అనిపించింది. దించిన కొత్తలోనే దుఃఖం వచ్చి పడింది. డాక్టర్ గారితో మాట్లాడి మళ్లీ 21కి తెచ్చి నాలుగు వారాలు ఉంచాం. నికోటిన్ ఇంతకాలం వాడితే దానికే అలవాటు పడరా అని ఆయన భార్య అడిగారు. రోజుకి పాతిక సిగరెట్ల పొగతో పోలిస్తే ప్యాచ్ వల్ల వచ్చే ప్రమాదం చాలా చిన్నదని, ఊపిరితిత్తుల్ని నాశనం చేసేది పొగేనని చెప్పాను. మొత్తం పద్దెనిమిది వారాలు పట్టింది ప్యాచ్ పూర్తిగా తీసేయడానికి.

ఆరో నెల

ఆరో నెలలో వచ్చినప్పుడు మీటర్ 2 చూపించింది. మొదటి వారంలోని ఆ రెండు, ఏడో వారంలోని ఆ ఒక్కటి తప్ప మరొకటి లేదని చెప్పారు, నేను నమ్మాను. ఈ ఆరు నెలల్లో ఊపిరి కోసం మళ్లీ చేరలేదు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టాలేమోనని అనుకున్నది మూడో నెల పరీక్షల తర్వాత అక్కర్లేదని తేలింది. బరువు నాలుగు కిలోలు పెరిగారు. బాగా చిక్కిపోయిన మనిషికి అది మంచిదే. మెట్లెక్కితే ఆయాసం మాత్రం ఉంది, ఉంటుంది. పోయిన ఊపిరితిత్తుల బలం తిరిగి రాదు. ఆ సంగతి ఆయనకి మొదటే చెప్పాం, లేనిపోని ఆశలు పెట్టలేదు.

వార్డులో రెండు మార్పులు చేశాం. అడ్మిషన్ కాగితంలో ‘పొగ తాగుతారా: అవును, కాదు’ అన్న గడి తీసేసి ‘చివరి సిగరెట్ ఎప్పుడు?’, ‘లేచాక ఎంతసేపటికి మొదటిది?’ అని పెట్టాం. దాని కింద ఇంకో గడి: థియోఫిలిన్, క్లోజపిన్, ఒలాంజపిన్ వాడుతున్నారా. చివరి రెండూ మానసిక వైద్యంలో వాడేవి. పొగ మానితే రక్తంలో వాటి స్థాయి కూడా ఇలాగే పెరిగిపోతుంది, మానసిక రోగుల్లో పొగ తాగేవాళ్లు చాలా ఎక్కువ కాబట్టి అక్కడి నర్సులకి ఇది మరీ ముఖ్యం. మానిన తేదీ ఆ గడి పక్కనే రాస్తున్నాం, డాక్టర్ గారి కంట పడేలా. ఫోన్లు చేసే పని మాత్రం ఇంకా మా సొంత విరామ సమయంలోనే జరుగుతోంది. దానికి డ్యూటీలో గంట కేటాయించమని అడిగాం, ఇంకా కుదరలేదు. అడుగుతూనే ఉంటాను. ఈ కేసులో ప్రాణాపాయం పట్టుబడింది ఆ ఫోన్‌లోనే.

ఆ రోజు వెళ్లబోతూ ఆయన చేయి బల్ల మీద పెట్టారు. చూపుడు వేలి గోరు కొస దాకా గులాబీ రంగులో ఉంది. నాలుగో నెలలో ఆ పసుపు అంచుని కత్తిరించేటప్పుడు భార్యని పిలిచి చూపించారట. రాత్రి దిండు పక్కన ఒక గమ్ ఇప్పటికీ పెట్టుకుంటున్నానని, వాడి రెండు నెలలైందని, తీసేయమంటారా అని అడిగారు. అక్కడే ఉంచుకోమన్నాను.